నన్ను హాస్యంలోంచి తీసెయ్యండి

ఆటోనగర్, విజయవాడ

'పంటకాలవ' తెలుగు బ్లాగర్ల వేదికలో కొత్త సభ్యుల బాధ్యురాలు శివపార్వతి గారికి,

ఉద్యమాభివందనాలు.

మా కార్మిక పఠనాలయానికి తాళం వేసినవాడు మా వీధి వర్క్‌షాపుల సంఘం అధ్యక్షుడు వెంకటసుబ్బారావు. ఆ సంగతి లోకానికి చెప్పబోతే నా నోటికి తాళం వేసినవారు మీరు. ఇద్దరిలో ఎవరి నేరం పెద్దదో చరిత్ర తేలుస్తుంది. నాకైతే ఇప్పటికే తేలిపోయింది గానీ, మర్యాద కోసం చరిత్రకు వదిలేస్తున్నాను.

నా పేరు జోయెల్. మునీర్ భాయ్ షాపులో నంబరు ప్లేట్లు, బోర్డులు, లారీల వెనక రాతలు రాస్తాను. 'సమ్మెట' నా కలం పేరు, నా బ్లాగు పేరు కూడా అదే. మా వీధి చివర రేకుల కప్పు వేసిన గది ఒకటి ఉంది. అందులో రెండు బల్లలు, పాత బస్సులోంచి ఊడదీసిన ఫ్యాను, ఒక గోనెసంచి నిండా కరపత్రాలూ చిన్న పుస్తకాలూ. ఇంటరు తప్పాక నేను చదువుకున్నదంతా ఆ గోనెసంచిలోంచే. వానలు మొదలవగానే ఆ గదికి తాళం పడింది. కిటికీ సందులోంచి చూస్తే నేలంతా గ్రీజు డబ్బాలు! అక్షరాలుండే చోట గ్రీజు గోడౌను పెడుతున్నాడు. వచ్చే నెల చివరి ఆదివారం సంఘం సమావేశంలో ఆ గది సంగతి తేల్చేస్తారట. ఈలోగా జనం కదలకపోతే గది ఇక మనది కాదు.

అందుకే 'ఓ నిద్రిస్తున్న కృష్ణాతీరమా!' అని ఇరవై రెండు పేజీల వ్యాసం రాసి, మీ మొదటి పేజీలో 'పిలుపు' అనే పెట్టెలో వేయమని పంపాను. మీరు వేయలేదు. నా బ్లాగులో ఆ వ్యాసాన్ని ఇప్పటికి ముగ్గురు చదివారు. ఒకరు నేను. ఇంకొకరు మునీర్ భాయ్ ఫోనులోంచి నేను. మూడో మనిషి ఎవరో తెలియదు, అర నిమిషంలో వెళ్ళిపోయాడు. బహుశా పోలీసు.

ఈ ఉత్తరం అందిన వెంటనే వేయండి. లేకపోతే మీరు ఏ పక్షమో ప్రకటించండి.

పోరాటాభివందనాలతో,
సమ్మెట

తా.క.: నా వ్యాసం ఉండాల్సిన చోట 'గుత్తి వంకాయకు తొడిమ తీయాలా, ఉంచాలా' అని మీ సభ్యులు చర్చిస్తున్నారు. ప్రజల దృష్టి మళ్ళించే ఇలాంటి చర్చల్లో నేను పాల్గొనను. ఉంచాలి.

*

ఉయ్యూరు

శ్రీ సమ్మెట గారికి నమస్కారం.

మీ నోటికి ఎవరూ తాళం వెయ్యలేదండీ. మీ వ్యాసం, మా భాషలో టపా, మీ బ్లాగులో ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది, ఇందాకే చూసి వచ్చాను. ఆ అర నిమిషం మనిషిని నేనే. కుక్కరు కూత పెడితే లేచి వెళ్ళాను. పోలీసుల్ని అనవసరంగా అనుమానించకండి.

'పిలుపు' పెట్టెకు ఒక నిబంధన ఉంది. వందమంది ఫాలోవర్లు ఉన్నవాళ్ళే అందులో వేయగలరు. అది మీకోసం పెట్టింది కాదు. రెండేళ్ళ కిందట కొత్తగా చేరిన ఒకాయన 'మన ప్రాణాలకు సంబంధించిన అత్యవసర పిలుపు' అని వేస్తే, మేం పదిహేనుమందిమి బస్సులెక్కి గుడివాడ దాకా వెళ్ళాం. తీరా చూస్తే నీళ్ళ ఫిల్టర్ల అమ్మకం. ఇద్దరు కొన్నారు కూడా.

మీలా కొత్తగా వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ముందు నలుగురు రాసింది చదవండి. చదివి, కింద ఒక మాట రాయండి. వాళ్ళే మీ బ్లాగుకు వస్తారు. ఇంకొకటి, టపాలు చిన్నవి రాయండి. మీ వ్యాసంలో మొదటి వాక్యం చివరికి చేరేసరికి మొదలు ఏమిటో మరిచిపోయాను.

ఇట్లు,
శివపార్వతి

తా.క.: తొడిమ గురించి మీ అభిప్రాయం ఆ చర్చ నడుపుతున్న సైదాబీ గారికి చేరవేశాను. ఇప్పటికి ఆ పక్షం గెలుస్తోంది. మీ జీవితంలో ఇది మొదటి విజయమైతే అభినందనలు.

*

ఆటోనగర్

శివపార్వతి గారికి,

ఉద్యమాభివందనాలు.

మొదట ఒక సవరణ. నాకు ఫాలోవర్లు అక్కర్లేదు. ఒకడు ముందు నడవడం, వందమంది వెనక రావడం జమీందారీ పద్ధతి. నాకు సహచరులు కావాలి. అయితే మీ లెక్కలో వందమంది సహచరుల్ని ఏ పేరుతో పిలుచుకున్నా అభ్యంతరం లేదు, త్వరగా ఇప్పించండి.

మీరు చెప్పినట్టే చేశాను. పని ముగిశాక, చేతికి రంగు ఉండగానే కూర్చుని మీ సభ్యులందరి రాతలూ చదివాను. నిజం చెబుతున్నాను, నా గుండె బరువెక్కింది. కూచిపూడి పుల్లయ్య గారు రోజూ తెల్లారగానే ఒక పువ్వు ఫోటో పెట్టి 'శుభోదయం' అంటున్నారు. నాలుగేళ్ళుగా ఇదే పని! దాని కింద ఇలా రాశాను: "ఈ మందారం తనంతట తాను పూయలేదు. పాదు తవ్వినదెవరు? నీళ్ళు పోసినదెవరు? ఆ చేతుల్ని ఫోటోలోంచి తప్పించినదెవరు? జవాబు చెప్పండి పుల్లయ్య గారూ!" ఆయన జవాబుగా మూడు నవ్వు బొమ్మలు పెట్టారు.

వన్‌టౌన్ సైదాబీ గారు దోసావకాయ గురించి రాస్తూ 'ఆవాలు మెత్తగా దంచుకోవాలి' అన్నారు. "ఎవరు దంచుకోవాలి? దంచేవాళ్ళ పేరు ఎందుకు దాచారు? రుచి మీది, చెమట ఎవరిది?" అని నిలదీశాను. ఆవిడ, "చెమట నాదే నాయనా. మిక్సీ చెడిపోయింది. నువ్వొచ్చి దంచిపెడతావా?" అని రాశారు. కింద నలభైమంది నవ్వారు. ఇందులో నవ్వేముంది?

ఇరవై ఆరుమంది నా బ్లాగుకు వచ్చి చేరారు. వాళ్ళంతా నవ్వుకుంటూ వచ్చారు. వాళ్ళ చైతన్య స్థాయి మీద నాకు అనుమానంగా ఉంది. అయినా మొత్తం లెక్క చూసుకుంటే వద్దనను.

పోరాటాభివందనాలతో,
సమ్మెట

తా.క.: నేను సైదాబీ గారింటికి వెళ్ళి ఆవాలు దంచి వచ్చాను. సవాలు విసిరితే వెనక్కి తగ్గడం నా స్వభావం కాదు. ఆవిడ ఒక సీసా ఇచ్చారు. అది లంచం కాదని రాతపూర్వకంగా తీసుకున్నాను.

*

ఉయ్యూరు

జోయెల్ గారికి నమస్కారం.

శుభవార్త. మీ వ్యాఖ్యలు చదవడానికే జనం మిగతా టపాలు తెరుస్తున్నారట. మా నిర్వాహకులమంతా కూర్చుని, మీ బ్లాగును 'ఇతరాలు' శీర్షికలోంచి తీసి 'హాస్యం'లో పెట్టాం. అది మా దగ్గర ఎక్కువమంది చదివే శీర్షిక. కొత్తవాళ్ళకు ఇంత తొందరగా రాదు. ఈ వారం మీరు తొంభై దాకా వెళ్తారని నా అంచనా.

పుల్లయ్య గారింట్లో మీ ప్రశ్న పెద్ద గొడవే తెచ్చింది. ఆయన మీ వ్యాఖ్యను భార్య రావమ్మ గారికి చదివి వినిపించి పడీపడీ నవ్వారట. ఆవిడ నవ్వలేదు. "అబ్బాయి సరిగ్గానే అడిగాడు. చెప్పండి, ఎవరు పోశారు నీళ్ళు?" అన్నారట. మర్నాడు మందారం ఫోటోలో పక్కన చెంబు పట్టుకున్న చెయ్యి కూడా ఉంది, చూశారు కదా. నాలుగేళ్ళలో మేం రావమ్మ గారిని చూడటం అదే మొదలు. ముంజేయి వరకే అనుకోండి.

మీరు ఇలాగే రాస్తూ ఉండండి. ఆ వెంకటసుబ్బారావు ఎప్పుడొస్తాడా అని అందరూ ఎదురు చూస్తున్నారు.

ఇట్లు,
శివపార్వతి

తా.క.: ఇప్పుడు రావమ్మ గారు సొంత బ్లాగు కావాలంటున్నారు. పుల్లయ్య గారు నాకు ఫోను చేసి, "ఆ కుర్రాణ్ణి ఎవరమ్మా చేర్చుకుంది?" అని అడిగారు. మీ అంతట మీరే చేరారని చెప్పాను.

*

ఆటోనగర్

శివపార్వతి గారికి,

అభివందనాలు లేవు.

నన్ను హాస్యంలోంచి తీసెయ్యండి. ఈ క్షణమే తీసెయ్యండి. నేను రాసిన ప్రతి అక్షరం పళ్ళు కొరుకుతూ రాశాను. వెంకటసుబ్బారావు దుర్మార్గం మీద నిన్న పెట్టిన టపాకు వచ్చిన మొదటి వ్యాఖ్య ఏమిటో తెలుసా? "అబ్బా, ఉదయాన్నే కడుపుబ్బ నవ్వాం, రోజంతా బాగుంటుంది." వాళ్ళ రోజు బాగుండటానికా నేను మండిపోతున్నది?

ఆ గది నాకేమిటో మీకు తెలియదు. రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. మా నాన్న స్టీఫెన్ లారీ బాడీలకు వెల్డింగ్ చేస్తాడు. పగలంతా ఆ వెలుగు చూసీ చూసీ, సాయంత్రానికి అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టు కనబడతాయి. పని దిగాక ఆ గదికి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. నేను కరపత్రం పైకి చదివేవాణ్ణి. చర్చిలో వాక్యం విన్నట్టే తల వంచుకుని వినేవాడు. ఒక్కోసారి, "ఆ ముక్క మళ్ళీ చదవరా" అనేవాడు. మా నాన్నకూ నాకూ మధ్య ఉన్న మాటలన్నీ ఆ గదిలోనివే. ఇంట్లో టీవీ ఉంటుంది, అమ్మమ్మ సీరియళ్ళుంటాయి. తాళం పడ్డాక మా ఇద్దరి మధ్య "అన్నం తిన్నావా", "తిన్నా" తప్ప ఇంకో మాట లేదు. ఇది హాస్యమా శివపార్వతి గారూ?

నన్ను 'సమాజం' శీర్షికలోకి మార్చేదాకా నిరాహారదీక్ష చేస్తున్నాను.

సమ్మెట

తా.క.: దీక్ష రేపు ఉదయం మొదలవుతుంది. ఈ పూట అన్నం వండేశారు. సైదాబీ గారి దోసావకాయ కూడా ఊరింది.

*

ఉయ్యూరు

జోయెల్ బాబుకి,

మీ ఉత్తరం చదువుతూ కుక్కరు కూతలు లెక్కపెట్టడం మరిచిపోయాను. ఇవాళ మా ఇంట్లో పప్పు జావైంది. మా ఆయన ఏమైందని అడిగితే, "ఆటోనగర్‌లో ఒక గదికి తాళం వేశారండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా తినేశారు.

మీరు కోరినట్టే 'సమాజం'లోకి మార్చాను. దీక్ష విరమించండి. ఇక కష్టమైన సంగతి కూడా చెప్పాలి. ఎనభై తొమ్మిది దాకా వెళ్ళిన మీ ఫాలోవర్లు మార్చిన మూడు గంటలకే డెబ్భైకి దిగారు. 'సమాజం' శీర్షికను మా దగ్గర రాసేవాళ్ళు తప్ప ఎవరూ చదవరు. వాళ్ళు కూడా ఎవరిది వాళ్ళే చదువుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. మీరు కోప్పడకూడదు. మన సభ్యుల్లో చాలామంది ఆ గది నిజంగా లేదనుకుంటున్నారు. వెంకటసుబ్బారావు మీరు కల్పించిన పాత్ర అనుకుంటున్నారు. 'తాళం చెవిని మొలతాడుకు కట్టుకుని నిద్రపోయే రాక్షసుడు' అని మీరు రాశారు కదా, అలాంటి మనిషి ఉంటాడని ఎవరు నమ్ముతారు? నాక్కూడా మొదట్లో కొంచెం సందేహంగానే ఉండేది. మీ నాన్నగారి సంగతి చదివాక పోయింది. ఆ ఇరవై రెండు పేజీల బదులు అది రాయకూడదూ?

హాస్యమో సమాజమో మీ ఇష్టం. నవ్వినవాళ్ళు వినలేదని మాత్రం అనుకోకండి. రావమ్మ గారి చెయ్యి ఫోటోలోకి వచ్చింది నవ్వు వల్లనే.

ఆశీస్సులతో,
శివపార్వతి

తా.క.: మీ వెంకటసుబ్బారావుకు పెళ్ళయిందా అని అవనిగడ్డ నుంచి ఒకావిడ అడుగుతున్నారు. 'పాత్ర కొంచెం ఒంటరిగా అనిపిస్తోంది' అన్నారు.

*

ఆటోనగర్

శివపార్వతి గారికి,

ఉద్యమాభివందనాలు.

వెంకటసుబ్బారావుకు పెళ్ళయింది. ఇద్దరు కూతుళ్ళు. ఒంటరితనం ఏమీ లేదు, బాగా బలిసి ఉన్నాడు. ఆవిడకు చెప్పండి.

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. నా గౌరవం నా ఒక్కడిది. గది అందరిది. కాబట్టి నా గౌరవాన్ని బలిపెడుతున్నాను. నన్ను తిరిగి హాస్యంలో పెట్టండి. ఇది లొంగుబాటు కాదు, వెనకడుగు వేసి దూకడం.

హాస్యంలో ఉన్నప్పుడు హాస్యమే రాయాలన్న నిజాయితీతో, మునీర్ భాయ్‌ని అడిగి ఆరు జోకులు సేకరించి ఒక టపా పెట్టాను. ఒక్కరూ నవ్వలేదు. పుల్లయ్య గారు "ఒంట్లో బాగుందా బాబూ?" అని అడిగారు. సైదాబీ గారు ఫోను చేసి, "ఎవరైనా ఏమైనా అన్నారా నాయనా?" అన్నారు. ముగ్గురు సహచరులు వెళ్ళిపోయారు. ఈ ప్రజల్ని అర్థం చేసుకోవడానికి కరపత్రాలు సరిపోవు.

గది నిజమని రుజువు చేయడానికి తాళం ఫోటో తీసి పెట్టాను. అక్కడే తప్పు జరిగింది. నేను ఫోటో తీస్తుంటే వెంకటసుబ్బారావు మనిషి చూశాడు. సాయంత్రం కబురొచ్చింది: "రేపు పొద్దున్నే అధ్యక్షుడు గారు రమ్మన్నారు. ఫోను కూడా తెమ్మన్నారు."

ఎందుకు పిలిచాడో మీకు వేరే చెప్పక్కర్లేదు. నేను వెళ్తున్నాను. పారిపోవడం నాకు తెలియదు, పైగా ఆయన ఆఫీసు మా షాపుకు ఎదురుగానే ఉంది. తిరిగి వస్తానో లేదో తెలియదు కాబట్టి 'వీడ్కోలు' అనే పేరుతో చివరి టపా రాసి పెట్టాను. మీరన్నట్టు మా నాన్న సంగతి కూడా అందులో రాశాను. అది చరిత్ర కాదు, వ్యక్తిగతం. అయినా చివరి టపా కదా అని రాశాను.

ఇక సెలవు.
సమ్మెట

తా.క.: నేను పోతే నా బ్లాగు మీకు చెందుతుంది. సంకేతపదం 'సమ్మెట123'. పెద్దపెద్ద సంస్థలు కూడా కనిపెట్టలేనిది పెట్టాను.

*

ఉయ్యూరు

జోయెల్ బాబూ,

ఈ ఉత్తరం చూడగానే జవాబివ్వు. నాకు భయంగా ఉంది. మీరు అనడం కూడా మరిచిపోయాను, ఏమనుకోకు.

నీ 'వీడ్కోలు' ఇందాకే చదివాను. మొదటి సగం చదివి జనం మామూలుగానే నవ్వారు. 'నా రంగు బ్రష్షులు మునీర్ భాయ్‌కి, నా చెప్పులు సరిపోయినవాళ్ళకి' అన్నచోట పుల్లయ్య గారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారట. మీ నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి ఒక్క నవ్వు బొమ్మ లేదు. ఆ పేరా కింద ఎవరికి వాళ్ళు తమ వాళ్ళ సంగతులు రాసుకుంటున్నారు. రావమ్మ గారు తన కొత్త బ్లాగు పక్కన పెట్టి అక్కడే రాశారు: "మా ఆయన నాకు పువ్వుల ఫోటోలు చూపించేవాడే గానీ ఏనాడూ ఏదీ చదివి వినిపించలేదు. ఆ గది ఎక్కడుందో చెప్పండి, వస్తాను." పుల్లయ్య గారు కింద, "ఇద్దరం వస్తాం" అని చేర్చారు.

తెల్లారేసరికి నీ ఫాలోవర్లు నూట నలభై దాటారు. 'పిలుపు' పెట్టె నీది. ఏం రాసినా ఒక్క అక్షరం మార్చకుండా వేస్తాను. ముందు నువ్వు బతికున్నానని ఒక మాట రాయి.

ఆశీస్సులతో,
శివపార్వతి

తా.క.: ఆ సంకేతపదం మార్చు. నేను కనిపెట్టేసి మూడు వారాలైంది. నీ టపాల్లో ఆశ్చర్యార్థకాలు తగ్గించింది నేనే.

*

ఆటోనగర్

శివపార్వతి గారికి,

ఉద్యమాభివందనాలు. బతికే ఉన్నాను. ఇంతకంటే చనిపోతే గౌరవంగా ఉండేది.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వెంకటసుబ్బారావు ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల ముందు నలుగురు మెకానిక్కులు నిలబడి ఉన్నారు. కొట్టడానికేనని చొక్కా చేతులు మడిచాను. ఆయన, "కూర్చోవయ్యా. వీళ్ళు నిన్ను చూడ్డానికొచ్చారు" అన్నాడు.

ఆయన షాపులో బిల్లులు రాసే అక్షయ అనే అమ్మాయి ఉంది. టీ వేళకు మా వీధి షెడ్లలో అందరి చేతులూ గ్రీజుమయం, ఎవరూ ఫోను ముట్టుకోలేరు. శుభ్రమైన చేతులు అక్షయ ఒక్కదానివే. అందుకని నా టపా వచ్చిన రోజు ఆమె షెడ్డు మధ్యలో నిలబడి పైకి చదువుతుందట. మీ లెక్కలో అక్షయ ఒక్కతే. వినేది ముప్పైమంది. వాళ్ళలో వెంకటసుబ్బారావు ఒకడు.

"మొలతాడు అబద్ధం. తాళం చెవి డ్రాయరులో ఉంటుంది" అన్నాడు ఆయన. "మిగతాదంతా బానే రాశావు. కానీ తాళం ఎందుకేశానో ఒక్కసారైనా అడిగావా?"

"అడగాల్సిన పనేముంది? గ్రీజు డబ్బాలు నా కళ్ళతో చూశాను" అన్నాను.

"ఖాళీ డబ్బాలయ్యా! కప్పు చిల్లులుపడి కారుతుంటే కింద పెట్టించాను. కప్పును మోసే ఇనప యాంగిలర్లు తుప్పుపట్టి ఉన్నాయి. ఏ వానకో కప్పు దిగబడితే కింద ఉండేది ఎవరు? మీ అయ్య, నువ్వు. అందుకే తాళం వేశా."

"అయితే బోర్డు పెట్టాలి! 'ప్రమాదం, మరమ్మతులో ఉంది' అని ప్రజలకు చెప్పాలి! చెప్పకపోవడం నేరం!" అని బల్ల గుద్దాను.

ఆయన, "బోర్డు రాయమని తాళం వేసిన రోజే మీ షాపుకు చెప్పి పంపాను" అన్నాడు.

నేను రోడ్డు దాటి మునీర్ భాయ్‌ని అడిగాను. ఆయన బ్రష్ కడుక్కుంటూ, "అరే, నువ్వేగా సంఘం పన్లు బహిష్కరించానన్నావ్! బోర్డు మాట ఎత్తబోతే అరగంట ఉపన్యాసమిచ్చావ్. దాని తర్వాత ఆ బోర్డు రేకు వంక చూసే ధైర్యం నాకెక్కడిది? అదిగో, గోడకు ఆనించే ఉంది" అన్నాడు. ఉంది. తెల్లరంగు పూసి, అక్షరాల కోసం ఎదురుచూస్తూ.

ఇందులో నా తప్పు ఏమీ లేదని మీకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బహిష్కరణ సిద్ధాంతపరంగా సరైనదే. దానిలోకి ఈ ఒక్క బోర్డు దూరడం యాదృచ్ఛికం.

తిరిగి వెళ్తే వెంకటసుబ్బారావు గారు (గారు అని రాయడం ఇదే మొదలు, దయచేసి మార్చకండి) అసలు సంగతి చెప్పారు. కొత్త రేకులు ఆయన తెప్పించి పెట్టారు. యాంగిలర్లు కూడా ఉన్నాయి. సంఘం సభ్యులు మాత్రం, "ఇద్దరు మనుషులు కూర్చునే గదికి కప్పెందుకు? పడగొడితే రెండు లారీలు నిలపొచ్చు" అంటున్నారట. ఆదివారం పది గంటలకు సమావేశం. "వాళ్ళొచ్చేసరికి ఆ కప్పు మీద జనం కనబడాలి జోయెల్. పని నడుస్తుంటే పడగొట్టమని ఎవడూ చెయ్యెత్తడు. నా మాట ఎవరూ వినరు. నీకు జనం ఉన్నారుగా, పిలువు. ఫోను తెమ్మన్నది అందుకే" అన్నారు. వానకు తడవకుండా ఆ గోనెసంచిని వాళ్ళింటి అటక మీద పెట్టించారట. "నాలుగు కరపత్రాలు చదివాను. నువ్వెందుకిలా ఉన్నావో ఇప్పుడు అర్థమైంది" అన్నారు. నేను దాన్ని ప్రశంసగా తీసుకున్నాను.

రాత్రి నాన్నకు చెప్పాను. టీవీ నడుస్తోంది. నాన్న లేచి దాన్ని కట్టేసి, "యాంగిలర్లకు వెల్డింగ్ ఇంకెవరి చేతా చేయించకండి. నేను చేస్తా" అన్నాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం. అమ్మమ్మ సీరియల్ పోయిందని అలిగి పడుకుంది.

కింద ఉన్నది 'పిలుపు' పెట్టెలో వేయండి. హాస్యం శీర్షికలోనే ఉంచండి. చదివేవాళ్ళు అక్కడే ఉన్నారు.

'పంటకాలవ' సహచరులారా! ఆటోనగర్‌లో ఒక గది నిజంగా ఉంది. ఒక వెంకటసుబ్బారావు నిజంగా ఉన్నారు. ఆ గదిలో ఒక కొడుకు చదివితే ఒక తండ్రి విన్నాడు. అలాంటి చోటు పడగొట్టి లారీలు నిలుపుతామంటున్నారు. మీరు ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్వారు. నేను మిమ్మల్ని క్షమించడం లేదు, పనికి పిలుస్తున్నాను. రేకులు పైకి అందించడానికి చేతులు కావాలి. నిచ్చెనలు పట్టుకోవడానికి చేతులు కావాలి. పుల్లయ్య గారు రావాలి, రావమ్మ గారు ముందుగా రావాలి. సైదాబీ గారు వండి పంపుతానన్నారు. వండినవారి పేరు బోర్డు మీద నేనే రాస్తాను. శివపార్వతి గారు ఉయ్యూరు నుంచి మొదటి బస్సుకు రావాలి. కుక్కరు ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు. ఈ ఆదివారం, మా వీధి చివర, తాళం తీసిన గది ముందుకు రండి!

పోరాటాభివందనాలతో,
జోయెల్

తా.క.: వేళ రాయడం మరిచాను. వెంకటసుబ్బారావు గారు 'ఏడు గంటలకు రమ్మని రాయి' అన్నారు. అధ్యక్షుల ఆజ్ఞల మీద ప్రజలు కదలరు. కాబట్టి అందరూ ఆరున్నరకే రండి.